కనిపెట్టు: ఒక క్రియ, రెండు విభక్తులు

మా అక్క కూతురు నర్సు. ఒంగోల్లో ఒక ఆసుపత్రిలో పనిచేసేది. ఒకరోజు నైట్ డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా నేరుగా మా ఇంటికొచ్చింది. చేతికిచ్చిన కాఫీ అలాగే పట్టుకుని, సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి మస్కట్‌లో ఉద్యోగానికి వచ్చిన పిలుపు. రెండోది మన జిల్లాలోనే ఒక చిన్న మిషన్ ఆసుపత్రి నుంచి వచ్చింది. జీతం మొదటిదాంట్లో నాలుగో వంతు.

“దేవుని చిత్తం ఎలా కనిపెట్టాలి మావయ్యా?” అంది.

ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం. పెద్దవాడిగా తోచిన నాలుగు మాటలు చెప్పాను. ఆ పిల్ల వెళ్ళిపోయింది గాని, ఆ వాక్యం నా దగ్గరే ఉండిపోయింది. మన సంఘాల్లో వందలసార్లు విన్న వాక్యమే అది. ఇంటర్ అయ్యాక ఏం చదవాలో తోచని కుర్రవాడూ, కూతురి సంబంధం ఖాయం చేసుకోబోయే తండ్రీ, సేవకు వెళ్ళాలా ఉద్యోగంలోనే ఉండాలా అని నలిగిపోయే యువకుడూ అడిగేది ఇదే. ఇన్నాళ్ళూ నా చూపు ‘చిత్తం’ అనే నామవాచకం మీదే ఉండేది. ఆ రోజు మాత్రం చివరి క్రియ దగ్గర ఆగింది.

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. మాట ఆపితే ఆగి చూడటం నాకు అలవాటు. ఆ పిల్ల ప్రశ్నకు జవాబు ఆ క్రియ లోపలే ఉందని చూసినకొద్దీ నమ్మకం కుదిరింది.

‘కనిపెట్టు’ అనగానే ముందు బడి గుర్తొస్తుంది. టెలిఫోను కనిపెట్టినవాడు గ్రాహంబెల్ అని వల్లె వేశాం. పోలీసులు దొంగను కనిపెడతారు. అమ్మ మన ముఖం చూసి అబద్ధాన్ని కనిపెడుతుంది. మరుగున ఉన్నదాన్ని వెలికి తీయడం ఇక్కడి అర్థం.

వంటింట్లోకి వస్తే అదే మాట వేరే పనిలో కనబడుతుంది. “పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టుకుని ఉండు” అని అమ్మ పెరట్లోకి వెళ్తుంది. ఇక్కడ మరుగున ఉన్నదేమీ లేదు. పాలు కళ్ళెదుట గిన్నెలోనే ఉన్నాయి. కావలసిందల్లా చూపు తిప్పకపోవడం. పాలు పొంగే క్షణాన్ని మనం రప్పించలేం, ఆపలేం. అది వచ్చినప్పుడు మనం అక్కడ ఉండాలి, అంతే. “ఆ ముసలాయన్ని కోడలే కనిపెట్టుకుని ఉంది” అన్నప్పుడు ఈ అర్థం ఇంకా చిక్కబడుతుంది. అన్నం, మందు, రాత్రిపూట దుప్పటి అన్నీ అందులోకి వస్తాయి.

మూడో అర్థం మందిరంలో వినిపిస్తుంది. “ప్రభువు కొరకు కనిపెట్టుదాం” అంటారు పాస్టరు అయ్యగారు. సభ నిశ్శబ్దమవుతుంది. కనిపెట్టు ప్రార్థన, కనిపెట్టు కూడిక అనే మాటలు మన ఊళ్ళలో కరపత్రాల మీద కూడా కనిపిస్తాయి. ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో ఆరంభించిన బైబిల్ మిషన్ వారికైతే సన్నిధిలో మౌనంగా కనిపెట్టడం ఒక సాధనే. మా బడిలో లెక్కల మాస్టారు ఒకసారి అలాంటి కరపత్రం చూసి, “శుక్రవారం రాత్రంతా కూర్చుంటారటగా, తెల్లారేసరికి ఏం కనిపెట్టారండీ?” అని ఎంతో ఆసక్తిగా అడిగారు. అక్కడున్న వాళ్ళందరం నవ్వుకున్నాం. ఆయన ప్రశ్న మాత్రం చాలా మంచి ప్రశ్న.

ఒకే క్రియ పరిశోధకుడికీ, కాపలాదారుకీ, భక్తుడికీ ఎలా సరిపోయింది?

విడదీస్తే ‘కని’, ‘పెట్టు’. ‘కను’ అంటే చూచు. ద్రావిడ భాషలన్నిటా పాతుకుపోయిన ధాతువు ఇది. తమిళంలో ‘కాణ్’, కన్నడంలో ‘కాణు’, మనకు కను, కాంచు. కన్ను దాని తోబుట్టువు. కనబడు, కనిపించు, కనుగొను, కనుపాప, కనురెప్ప, కనుచూపు, కంటిచూపు అంటూ ఆ ఇల్లు చాలా పెద్దది. కలలు కూడా మనం ‘కంటాం’.

‘పెట్టు’ దగ్గర అసలు రుచి ఉంది. ఒంటరిగా ఉంటే ఉంచడమని అర్థం. మరో క్రియ వెనక చేరితే దానికి ఒక దయాగుణం వస్తుంది. దాచిపెట్టు, రాసిపెట్టు, వండిపెట్టు, చేసిపెట్టు. దాచిపెట్టేది రేపటి కోసం, వండిపెట్టేది ఎదుటివారి కోసం. అంటే ‘పెట్టు’ చేరిన పని చేసినవాడితో ముగిసిపోదు. ఇంకొక పొద్దు కోసమో, ఇంకొక మనిషి కోసమో అది ఎదురుగా నిలిచి ఉంటుంది. ఆ లెక్కన ‘కనిపెట్టు’ అంటే చూపును ఒకచోట ఉంచడం, ఉంచి తీయకపోవడం.

పక్కింటి భాషల్లోకి తొంగిచూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. మరుగున ఉన్నదాన్ని తెలుసుకోవడానికి తమిళులు ‘కండుపిడి’ అంటారు, కన్నడిగులు ‘కండుహిడి’ అంటారు. కండు అంటే కని. పిడి, హిడి అంటే పట్టుకో. మన పిడికిలిలో ఉన్నది ఆ పిడే. వాళ్ళు చూసి పట్టుకుంటారు, మనం చూసి పెడతాం. వాళ్ళ మాటలో వేళ్ళు బిగుసుకుంటాయి, మన మాటలో తెరుచుకుంటాయి.

ఇది పోటీ కాదు. తమిళానికి మరోచోట గొప్ప సంపద ఉంది. ఎదురుచూడటానికి వాళ్ళు ‘కాత్తిరు’ అంటారు. ‘కా’ అంటే కాచు, కాపాడు. మన కాపరి, కావలి, కాపలా ఆ వేరు నుంచి వచ్చినవే. తమిళుడు ఎదురుచూస్తున్నాడంటే కాపు కాస్తున్నాడన్నమాట. తమిళ బైబిలు కీర్తనల్లో దేవుని కొరకు ఎదురుచూసే భక్తుడు చేసేది ఈ ‘కాత్తిరు’ పనే.

మనకైతే ఎదురుచూపు అనేది దాదాపు ఎప్పుడూ కళ్ళతో చేసే పని. ‘వేచి ఉండు’ను పక్కన పెడితే మిగిలినవి చాలావరకు చూపు మాటలే. ఎదురుచూచు. దారి కాచే కళ్ళు. కళ్ళు కాయలు కాచేలా చూడటం. సంస్కృతం నుంచి తెచ్చుకున్నవీ అంతే. ‘ఈక్ష్’ అంటే చూచు అనే ధాతువు మీద ప్రతీక్ష, నిరీక్షణ పుట్టాయి. దాని సంతానం ఇంకా చాలా ఉంది. చుట్టూ తిరిగి చూస్తే పరీక్ష, చూసీ చూడకపోతే ఉపేక్ష, కలగలిపి చూస్తే సమీక్ష.

తెలుగు క్రైస్తవులు ఆ ‘నిరీక్షణ’ను మరో మెట్టు ఎక్కించారు. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అని పౌలు చెప్పిన మూడింటిలో నడిమిది అదే. గ్రీకులో ‘ఎల్పిస్’, అంటే ఆశ. మనవాళ్ళు ‘ఆశ’ అనలేదు, ఎందుకంటే మన నోట ఆశకు పేరాశ వాసన త్వరగా అంటుకుంటుంది. కన్ను ఆర్పకుండా చూసే మాటను తీసి ఆ ఆశకు పేరుగా పెట్టారు.

అలా పేర్లు పెట్టడం తేలిక పని కాదు. లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయరు అనే విశ్వాసి సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికే ఇద్దరు దొరలూ ఇక్కడి నేలలో కన్నుమూశారు. పంట చూడకుండానే విత్తి వెళ్ళిన చేతులవి. కీర్తనలు తెలుగైనప్పుడు, వారి తర్వాతి చేతులు ‘కనిపెట్టు’ను అందులో నాటాయి.

ఆ కీర్తనల్లో, ఉదాహరణకు 27వ దాని చివర, ‘కనిపెట్టు’ ఉన్న చోట హీబ్రూలో ‘కావా’ అనే ధాతువు ఉంది. ఎదురుచూడటం, ఆశించడం అని అర్థం. దాని అడుగున పేనడం, బిగించి లాగడం అనే భావం ఉందని హీబ్రూ నిఘంటుకారులు అంటారు. దాని నుంచి వచ్చిన ‘తిక్వా’కు రెండర్థాలు. ఒకటి నిరీక్షణ, రెండోది తాడు. యెరికో పట్టణంలో రాహాబు తన కిటికీకి కట్టిన ఎర్రని తాడును హీబ్రూ బైబిలు ‘తిక్వా’ అంటుంది. వేగులవాళ్ళు వెళ్ళిపోయాక ఆమెకు మిగిలింది ఒక మాట, ఒక తాడు. గోడ బయట వేలాడుతున్న ఆ ఎరుపు ఆమె తాడూ, ఆమె నిరీక్షణా.

హీబ్రూవాడికి ఎదురుచూపు చేతిలో బిగిసిన తాడు. తమిళుడికి గట్టు మీది కాపు. తెలుగువాడికి పక్కకు తీయని చూపు. మూడింటిలోనూ ఒకటే పట్టుదల ఉంది. ఒక్కదానిలోనూ సోమరితనం లేదు.

ఇప్పుడు విభక్తుల దగ్గరికి రావాలి. వ్యాకరణం అనగానే పేజీ తిప్పకండి, అసలు కథ ఇక్కడే ఉంది.

మా అక్క కూతురు అడిగింది ‘చిత్తాన్ని’ కనిపెట్టడం గురించి. ని, ను ఉంటే ద్వితీయా విభక్తి. కర్మను చూపిస్తుంది. దొంగను, రహస్యాన్ని, చిత్తాన్ని అన్నప్పుడు అవతల ఒక వస్తువు ఉంది, దాన్ని నేను వెతికి తీయాలి. కీర్తనల్లో భక్తుడు మాట్లాడేది ‘కొరకు’ కనిపెట్టడం గురించి. కొరకు, కై ఉంటే చతుర్థి. అవతల ఉన్నది వస్తువు కాదు, వచ్చేవాడు.

130వ కీర్తనలో ఒక గొప్ప పోలిక ఉంది. రాత్రి కావలివాళ్ళు ఉదయం కోసం కనిపెట్టడం కంటే ఎక్కువగా తన ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోందని భక్తుడు చెప్పుకుంటాడు. కావలివాడు ఉదయాన్ని కనిపెట్టడు. దాన్ని వెతకడానికి ఏ కొండ వెనక్కీ పోడు. ఉదయం వస్తుందా రాదా అన్న అనుమానం వాడికి లేదు. అది రావడం తన తెలివితేటల మీద ఆధారపడలేదనీ వాడికి తెలుసు. వాడి పని నిద్రపోకపోవడం, తూర్పు వైపు నిలబడటం.

ద్వితీయలో ఉన్నవాడికి భయం ఎక్కువ. దేవుడు నా జీవితానికి ఒక పటం గీసి ఎక్కడో దాచాడు, నేను దాన్ని సరిగ్గా చదవకపోతే బతుకంతా తప్పుదారే అన్న బెంగ. ఎందరో యౌవనస్థుల ముఖాల్లో నేను ఈ బెంగను చూశాను. చతుర్థిలోకి వచ్చినవాడికి బాధ్యత తగ్గదు, బెంగ తగ్గుతుంది.

‘చిత్తం’ను పూర్తిగా వదిలేసి పోవడం న్యాయం కాదు. ‘చిత్’ అంటే గమనించు, ఎరుగు అనే ధాతువు దాని మూలం. చేతన, చైతన్యం దాని బిడ్డలు. కేతువు కూడా అక్కడిదే. కేతువంటే గుర్తు, జెండా, దూరానికి కనబడేది. చిత్తం లోపలి మాట, కేతువు బయటి మాట. మనసు చిత్తమైతే, ఆ మనసు ఎగరేసిన జెండా కేతువు. “దేవా, ఒక గుర్తు చూపించు” అని అడిగే భక్తుడు తెలియకుండానే చిత్తాన్ని దాని సొంత అన్నదమ్ముడి ద్వారా వెతుకుతున్నాడు.

తెలుగులో చిత్తానికి మరో వేషం ఉంది. దొర ఆజ్ఞ ఇస్తే సేవకుడు అనేది “చిత్తం”. నాటకాల్లో, కచేరీల్లో, పాత సినిమాల్లో విన్నదే. మీ మనసులో ఉన్నది నాకు సమ్మతమని దాని భావం. చిత్రమేమిటంటే, సేవకుడు చాలాసార్లు ఆజ్ఞ పూర్తిగా వినకముందే చిత్తం అంటాడు. ముందు సమ్మతి, తర్వాత సమాచారం.

యోహాను సువార్త 7వ అధ్యాయంలో యేసు చెప్పిన వరుస కూడా ఇదే. దేవుని చిత్తం చేయడానికి ఇష్టపడినవాడికే తెలుస్తుందంటాడు. తెలిశాక ఆలోచించి ఒప్పుకుంటాననేవాడికి ఆ వరుసలో చోటు లేదు. గెత్సేమనే తోటలో ఆయన ప్రార్థన దగ్గర మన అనువాదకులు ఒక సూక్ష్మం పాటించారు. లూకా గ్రీకులో ‘థెలేమా’ అనే ఒకే మాట రెండు వైపులకూ సరిపోతుంది. తెలుగులో కుమారుడి వైపు ‘ఇష్టం’ అని, తండ్రి వైపు ‘చిత్తం’ అని రాశారు. ఆ తోటలో రాత్రి ఆయన పలికినది, తెలుగు చెవికి, ఒక కుమారుడు తండ్రితో అన్న “చిత్తం”.

గుర్తుల మాట వచ్చింది కనుక డిసెంబరు 31 రాత్రి గురించి చెప్పాలి. మన తెలుగు సంఘాల్లో ఆ రాత్రి ఆరాధన అయ్యాక పళ్ళెంలో వాగ్దానపు కార్డులు బోర్లించి పెడతారు. వరుసలో వెళ్ళి ఒక్కొక్కరు ఒక్కటి తీసుకుంటారు. కార్డు తిప్పే ముందు వేళ్ళు ఒక్క క్షణం ఆగుతాయి. ఆ క్షణంలో మా అమ్మ పెదవులు కదలడం నేను చిన్నప్పుడు చూశాను. ఏడాదంతా ఆ కార్డు ఆమె బైబిల్లోనే ఉండేది. ఆ ఆగిన వేళ్ళలో ఉన్నది పసితనపు నమ్మకం, దాన్ని నేను ఎంతో ప్రేమిస్తాను. కార్డు బలాన్నిస్తుంది. ఏ ఉద్యోగంలో చేరాలో, ఎవరిని పెళ్ళాడాలో తేల్చే భారం మాత్రం దాని మీద పెట్టకూడదు.

అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయంలో యూదా స్థానంలో మత్తీయను చీట్లు వేసి ఎన్నుకున్నారు. రెండో అధ్యాయంలో పరిశుద్ధాత్మ వచ్చాడు. అక్కడి నుంచి ఆ పుస్తకం చివరిదాకా సంఘం మళ్ళీ చీటి వేయలేదు. కలిసి ప్రార్థించడం, వాదించుకోవడం, సాక్ష్యాలు వినడం, ఒక మాట మీదికి రావడం కనిపిస్తాయి.

16వ అధ్యాయంలో పౌలు బృందానికి దారులు మూసుకుపోయాయి. ఆసియలో వాక్యం చెప్పనివ్వలేదు, బితూనియకు పోనివ్వలేదు. త్రోయలో రాత్రి ఒక మాసిదోనియ మనిషి దర్శనంలో కనబడి సాయానికి రమ్మన్నాడు. దర్శనం చూసింది పౌలు ఒక్కడు. నిశ్చయించుకున్నది మాత్రం ‘మేము’ అంటాడు లూకా. ఆ నిశ్చయానికి వాడిన గ్రీకు క్రియ ‘సుంబిబాజో’. ముక్కలను ఒకచోట చేర్చడం, అతకడం దాని అర్థం. మూసుకున్న రెండు తలుపులు, రాత్రి వచ్చిన పిలుపు, తోటివాళ్ళ మనసులు అన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. కని, పెట్టారు.

అలాంటి పెట్టడం మన నేల మీదా జరిగింది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌కు చాలా ఏళ్ళు నెల్లూరు ఒక్కటే ఆధారం. ఫలితం లేదు, మూసేద్దామా అని 1853లో కూడా అమెరికాలో చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుతుండగా మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. ఐదుగురు, ఒక కొండ, ఒక వేకువ. ఆ సేవకుడు జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళ కనిపెట్టడం అది.

వచ్చిన కొత్తలోనే క్లౌ ముందు రెండు దారులు నిలిచాయి. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు, ఆయన వెనక ఆయన జనం రాసాగారు. అంతవరకూ ఆదరంగా ఉన్న అగ్రవర్ణాల పెద్దలు, వాళ్ళను చేర్చుకుంటే మేం రామని తేల్చి చెప్పారు. పై వర్ణాలు ముందు వస్తే ఊరంతా వస్తుందని ఆ రోజుల్లో చాలామంది నమ్మకం. లోకజ్ఞానం ఏ దారి చూపిస్తుందో చెప్పనక్కరలేదు.

క్లౌ తన గదిలో, భార్య హారియెట్ తన గదిలో ఎవరికి వారు బైబిలు తెరిచారట. ఇద్దరూ చదివింది ఒకటే చోటు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం. పిలుపు అందుకున్నవారిలో లోకం లెక్కలో జ్ఞానులూ ఘనులూ ఎక్కువమంది లేరనీ, లోకం ఎన్నికలేనివారిగా చూసినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడనీ పౌలు చెప్పిన చోటు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళను వాళ్ళు కాదనలేదు. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ కథ చెప్పేవాళ్ళు పుస్తకం తెరుచుకున్న వింతనే చెబుతారు. నాకు అంతకంటే ముందున్నది ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ పేజీ తెరుచుకునేటప్పటికి పేరయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. వాక్యం వాళ్ళకు కొత్త మనుషులను చూపించలేదు. కళ్ళెదుట ఉన్న మనుషులను ఎలా చూడాలో చూపించింది. భార్యాభర్తల మనసులు విడివిడిగా ఒక్కచోటికే వచ్చాయి. తలుపు, వాక్యం, తోడు: త్రోయలో లాగే ఇక్కడా మూడు ముక్కలు అతుక్కున్నాయి.

ఇంతసేపూ మన చూపు గురించే మాట్లాడాం. అవతలి చూపు సంగతి 32వ కీర్తన చెబుతుంది. దాని శీర్షికలో ‘మస్కీల్’ అనే హీబ్రూ మాట ఉంది. వివేకం, బుద్ధి కలగడం అనే ధాతువు మీద పుట్టింది. ఎనిమిదో వచనంలో దేవుడు అదే ధాతువుతో మాట్లాడతాడు. నేను నీకు బుద్ధి చెబుతాను, నడవవలసిన దారి చూపుతాను, నీ మీద దృష్టి ఉంచి ఆలోచన చెబుతాను అని భావం. తర్వాతి వచనం కళ్ళెం వేస్తే గాని దగ్గరికి రాని గుర్రంలా, కంచరగాడిదలా ఉండవద్దంటుంది.

జంతువును తిప్పడానికి ఇనుము కావాలి. మనిషిని తిప్పడానికి చూపు చాలు. కాని చూపుతో తిప్పాలంటే ఒక షరతు ఉంది. ఆ మనిషి కూడా ఇటే చూస్తూ ఉండాలి. 123వ కీర్తనలో సేవకుల కళ్ళు యజమాని చేతి వైపు, దాసి కళ్ళు యజమానురాలి చేతి వైపు ఉండటం అందుకే. పెళ్ళి పందిట్లో పెద్దావిడ కనుబొమ కాస్త ఎత్తితే కోడలు లేచి వెళ్ళి తాంబూలం పళ్ళెం తెస్తుంది. వాళ్ళిద్దరి మధ్య ఏళ్ళ పరిచయం ఉంది, అందుకే మాట అక్కర్లేకపోయింది.

ఆ వచనంలో ‘ఆలోచన’ అన్న తెలుగు మాటను చూడండి. ఇప్పుడు మనం ఆలోచన అంటే తలలో తిరిగే తలపు అనుకుంటున్నాం. బైబిలు తెలుగులో అది ఒకరు మరొకరికిచ్చే హితవు. రాబోయే రాజుకు యెషయా ఇచ్చిన బిరుదుల్లో ‘ఆలోచనకర్త’ ఒకటి. ఈ మాట ‘లోచ్’ అనే ధాతువు నుంచి వచ్చింది. లోచనం అంటే కన్ను. దేవుడు కన్ను ఉంచి చెప్పే హితవుకు మన భాషలో దొరికిన మాటలోనే ఒక కన్ను ఉంది.

అప్పుడు ‘కనిపెట్టు’కు ఉన్న మూడర్థాలూ ఒక వరుసలోకి వస్తాయి. ఆయన మనల్ని కనిపెట్టుకుని ఉంటాడు, ముసలాయన్ని కోడలు చూసుకున్నట్టు. మనం ఆయన కొరకు కనిపెడతాం, కావలివాడు ఉదయం కోసం చూసినట్టు. ఈ రెండు చూపులూ కలిసిన చోట, ఏ దారో కనిపెట్టడం అనే మూడోది జరుగుతుంది. మనం మూడోదానితో మొదలుపెట్టి మొదటి రెండింటినీ మరిచిపోతున్నాం.

జ్ఞానం కొదువగా ఉంటే దేవుణ్ణి అడగమన్నాడు యాకోబు. ఆయన గద్దించకుండా ధారాళంగా ఇస్తాడన్నాడు. గిబియోనులో సొలొమోను అడిగింది కూడా జ్ఞానమే అంటాం. హీబ్రూలో ఆయన అడిగిన మాటలకు ఉన్నదున్నట్టు అర్థం ‘వినే హృదయం’. పటం అడగలేదు, రహస్యం అడగలేదు. రేపు ఎవరు వచ్చి ఏం చెప్పుకున్నా వినగలిగే హృదయం అడిగాడు. మరుసటి కథలోనే ఇద్దరు తల్లులు ఒక బిడ్డతో వచ్చారు.

జ్ఞానానికి మన అచ్చ తెలుగు మాట తెలివి. ఇది ‘తెలి’ నుంచి వచ్చింది, తెలి అంటే తెల్లన, తేటదనం. తెలుపు, తెలియు, తెలివి, తెల్లవారు అన్నీ ఒక్క తల్లి పిల్లలు. రాత్రి తెల్లబడితే తెల్లవారడం. మనసు తెల్లబడితే తెలివి. మూర్ఛపోయినవాడు కళ్ళు తెరిస్తే “తెలివి వచ్చింది” అనే అంటాం. తెలుగులో తెలివి సంపాదించుకునే సొమ్ము కంటే ముందు, రాత్రి కాచినవాడి మీదికి వచ్చే వెలుగు.

ఆ నెలలోనే మా బావకు ఒంట్లో బాగోలేక అక్క కూతురు పనిచేసే వార్డులోనే చేర్చాం. రాత్రి తోడు నేనున్నాను. రెండు గంటలప్పుడు మెలకువ వచ్చి చూస్తే ఆ పిల్ల పక్క మంచం దగ్గర నిలబడి ఉంది. సెలైన్ బొట్లు లెక్కపెట్టింది, మణికట్టు పట్టుకుంది, తర్వాత చాలాసేపు ఆ ముసలమ్మ ముఖంలోకి చూసింది. “మానిటర్ ఉందిగా, అందులో చూస్తే సరిపోదా?” అని గుసగుసగా అడిగాను. “మానిటర్ అంకె చెబుతుంది మావయ్యా. ముఖం అంతకంటే ముందే చెబుతుంది. రోజూ చూస్తుంటే తెలిసిపోద్ది” అంది. ఆమె నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు ఆమె చేతుల్లోనే ఉందని నాకప్పుడు తోచింది.

మరో మూడు వారాలు ఆమె ప్రార్థించింది. అయ్యగారితో, అమ్మగారితో మాట్లాడింది. తన నర్సింగ్ చదువు కోసం నాన్న ఇల్లు తాకట్టు పెట్టిన కాగితాలు తీసి వడ్డీ లెక్కవేసింది. మిషన్ ఆసుపత్రికి స్వయంగా వెళ్ళివచ్చింది. అక్కడి సూపరింటెండెంట్ అమ్మగారే, “మస్కట్‌లో రెండేళ్ళు ఐసీయూ పని నేర్చుకుని, అప్పు తీర్చుకుని రా తల్లీ, మాకు అలాంటి చెయ్యి కావాలి” అన్నారట. నేను లోలోపల ఆమె ఇక్కడే ఉండాలని కోరుకున్నాను. ఆమె మస్కట్‌కు సంతకం పెట్టింది. “మెరుపేమీ మెరవలేదు మావయ్యా. అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే భయం పోయింది” అంది. నా కోరికకు చిత్తమన్న పేరు పెట్టి ఆమె మీద రుద్దనందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఇప్పుడు కొన్ని ఉదయాలు నేను లేచేసరికి ఫోనులో ఆమె సందేశం ఉంటుంది. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. మొన్న అయిదున్నరకు వచ్చింది: “ఆరో మంచం పేషెంటుకు తెలివి వచ్చింది మావయ్యా. ఇక్కడింకా చీకటే. మీకు తెల్లారిందా?”

కిటికీ తెరిచి తూర్పు చూసి రాశాను: “తెల్లారిందమ్మా. అటే వస్తోంది.”